గోదావరి గట్టున ఒక పూట: పుష్కర ఘాటా, గౌతమీ ఘాటా, ధవళేశ్వరమా, కొవ్వూరా?

రాజమండ్రిలో ఒక సాయంత్రం ఖాళీ దొరికితే ఎవరికైనా మొదట తోచేది గోదావరి గట్టే. ఊరు నది వెంబడే పెరిగింది కాబట్టి ఏ వీధిలోంచి పడమటికి నడిచినా చివరికి నీళ్ల దగ్గరే తేలతాం. ఎంపిక కష్టమయ్యేది కూడా అందుకే. పుష్కర ఘాట్, గౌతమీ ఘాట్, కోటిలింగాల ఘాట్ ఊళ్లోనే ఉన్నాయి. దిగువన ధవళేశ్వరంలో బ్యారేజీ, కాటన్ మ్యూజియం తోట ఉన్నాయి. అవతలి గట్టున కొవ్వూరు గోష్పాద క్షేత్రం ఉంది. అన్నిచోట్లా కనిపించేది ఒకే నది. అయినా ఎనభై ఏళ్ల అమ్మమ్మకి నచ్చే చోటు, ఆరేళ్ల పిల్లాడికి నచ్చే చోటు, ఫొటోల కోసం వచ్చిన కుర్రాళ్లకి నచ్చే చోటు ఒకటి కావు.

చాలామంది ముందు చోటు ఖాయం చేసుకుని, వెళ్లాక నది ఎలా ఉందో చూస్తారు. ఆ వరస తిరగెయ్యాలి. ముందు నది ఎలా ఉందో తెలుసుకోవాలి, తర్వాత ఏ గంటకి వెళ్తామో అనుకోవాలి, వెంట ఎవరొస్తున్నారో చూసుకోవాలి. ఈ మూడూ తేలాక చోటు దానంతటదే తేలుతుంది.

నది సంగతి ముందు

గోదావరికి ఏడాదిలో మూడు రూపాలు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద నీరు ఎర్రగా, వడిగా వస్తుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు తేరుకుంటుంది. ధవళేశ్వరంలో గేట్లు దించి నీరు నిలబెడతారు కాబట్టి రాజమండ్రి ఘాట్ల దగ్గర నది నిండుగా, కదలకుండా, అద్దంలా ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా నీరు తగ్గి, నది మధ్యలో ఇసుక మేటలు బయటపడతాయి. ఒక పూట హాయిగా గడపాలంటే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలకి సాటి లేదు.

వరద రోజుల్లో బయల్దేరే ముందు వార్తల్లో ఒక అంకె చూసుకోవాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోతున్నట్టు. ఆ స్థాయిలో ఘాట్ల కింది మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు, పోలీసులు తాళ్లు కట్టి జనాన్ని పైనే నిలబెడతారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందంటే ఈ నది ఎంతదాకా పోగలదో ఊహించుకోవచ్చు.

ఇంకా ముందే తెలియాలంటే భద్రాచలం అంకె చూడండి. అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో 43 దాటితే ఆ నీరు ఒకటి రెండు రోజుల్లో రాజమండ్రి దిగుతుంది. శనివారం వెళ్దామనుకునేవాళ్లు గురువారం భద్రాచలం మట్టం చూస్తే చాలు, ప్రయాణం ఉంచుకోవాలో మానుకోవాలో తేలిపోతుంది.

వరద తీసిన మొదటి వారం మాత్రం ఎవరినీ మోసం చేస్తుంది. నీరు తగ్గింది, ఎండ కాస్తోంది, మెట్లు బయటపడ్డాయి. కానీ మెట్ల మీద ఒండ్రు పేరుకుని ఉంటుంది. పైకి ఆరినట్టు పలకలు పలకలుగా పగిలి కనిపిస్తుంది. కాలు వేస్తే కింద ఇంకా వెన్నలా జారుతుంది. ఘాట్ కడిగి శుభ్రం చేసేదాకా కింది మెట్లకి పోకపోవడమే మంచిది.

గట్టు ఏ దిక్కున ఉందో చూడండి

రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. రాజమండ్రి మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు నీళ్ల అవతల అస్తమిస్తాడు. కొవ్వూరు మెట్ల మీద నిలబడితే నీళ్ల అవతల ఉదయిస్తాడు. సూర్యాస్తమయం కోసం కొవ్వూరు వెళ్లినవాళ్లకి వీపు వెనక ఊళ్లో పొద్దు వాలిపోతుంది. సూర్యోదయం కోసం పుష్కర ఘాట్‌కి వచ్చినవాళ్ల తంతూ అంతే.

గంటలు కూడా చెప్పుకుందాం. డిసెంబరు మొదటి వారంలో సూర్యుడు 5:25 ప్రాంతంలో వాలిపోతాడు. సంక్రాంతి నాటికి 5:40 దాటుతుంది. మార్చి చివరికి 6:15, జూన్ నెలాఖరుకి 6:40 దగ్గర. చలికాలంలో ఆరింటికి తీరిగ్గా వచ్చేవాళ్లు చీకటే చూస్తారు. అస్తమయానికి ముప్పావుగంట ముందు మెట్ల మీద ఉండాలి. తగ్గిన ఎండలో బంగారు రంగు నీళ్లు, తర్వాత ఎర్రటి గీత, చివర్న వంతెన ఆర్చీల నీడలు, ఇవన్నీ ఆ ముప్పావుగంటలోనే జరిగిపోతాయి. ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది. మెట్లు పడమటికి తిరిగి ఉంటాయి కాబట్టి మధ్యాహ్నమంతా కాగిన రాయి ఆరింటికి కూడా చల్లారదు. ఏప్రిల్, మే నెలల్లో చాప గానీ మందపాటి దుప్పటి గానీ లేకుండా కూర్చోలేరు, చెప్పులు విప్పితే అరికాళ్లు చురుక్కుమంటాయి.

పుష్కర ఘాట్

ఊళ్లో మొదటిసారి గోదావరి చూసేవాళ్లకి మా ఓటు దీనికే. గోదావరి స్టేషన్‌కి దగ్గర, మార్కండేయేశ్వరస్వామి గుడి పక్కనే, ఆటోవాడికి పేరు చెబితే చాలు. ఇక్కడి అసలు ఆకర్షణ సాయంత్రం ఇచ్చే గోదావరి హారతి. చీకటి పడే వేళకి దీపాలు లేస్తాయి, గంటలు మోగుతాయి, ఆ వెలుగు నీళ్ల మీద పొడుగ్గా సాగుతుంది.

హారతి చూడాలంటే కింది మెట్లకి ఎగబడొద్దు. అందరూ అక్కడికే తోసుకుంటారు, ముందు నిలబడ్డవాళ్ల తలలు తప్ప ఏమీ కనిపించదు. పైనుంచి మూడు నాలుగు వరసల కింద, కాస్త పక్కకి కూర్చుంటే హారతీ నదీ రెండూ ఒకే చూపులో వస్తాయి. అయిపోయాక లేవడమూ సులువు.

రద్దీ విషయంలో ఈ ఘాట్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 జులై 14న పుష్కరాల మొదటి రోజే ఇక్కడ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. మామూలు రోజున అలాంటి భయం ఏమీ లేదు. కార్తీక సోమవారాలు, కార్తీక పౌర్ణమి, మహాశివరాత్రి మాత్రం వేరు. ఆ రోజుల్లో చంటిపిల్లలతో, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లతో ఇటు రాకండి. రావాల్సి వస్తే లోపలికి అడుగుపెట్టగానే బయటికి పోయే దారి ఏదో చూసుకుని, తప్పిపోతే ఎక్కడ కలవాలో ఇంటిల్లిపాదికీ ఒక గుర్తు చెప్పి ఉంచాలి. అంత జనంలో ఫోన్లు పలక్కపోవచ్చు.

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. ఆ ఏర్పాట్లలో భాగంగా ఘాట్లలో పనులు నడుస్తూ ఉంటాయి, ఒక్కోసారి కొంత భాగం మూసేస్తారు. బయల్దేరే ముందు ఊళ్లో ఎవరినైనా అడగడం మంచిది.

గౌతమీ ఘాట్, కోటిలింగాల ఘాట్

హారతి అక్కర్లేదు, ప్రశాంతంగా పొద్దు వాలడం చూస్తూ కూర్చోవాలి అనుకుంటే ఇస్కాన్ గుడి దగ్గరున్న గౌతమీ ఘాట్ మేలు. గుడి చూసుకుని, ప్రసాదం తిని, మెట్ల మీద కూర్చోవచ్చు. కోటిలింగాల ఘాట్ పొడవైనది, నడకకి బాగుంటుంది. తెల్లవారుజామున నడిచేవాళ్లూ స్నానాలకి వచ్చేవాళ్లూ ఇక్కడ ఎక్కువ. పుష్కర ఘాట్ కిటకిటలాడే రోజున ఈ రెండింట్లో ఒకటి చూసుకోండి. ఒక లోటు మాత్రం ఉంది. నీడ తక్కువ, చీకటి పడ్డాక వెలుతురు కూడా అన్నిచోట్లా సమంగా ఉండదు. ఏడు దాటాక కింది మెట్ల మీద ఉండొద్దు.

ఫొటోల కోసం వచ్చేవాళ్లు వంతెనల సంగతి తెలుసుకుంటే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997లో రిటైరైంది, రాతి స్తంభాల మీద ఇనప గర్డర్లతో ఇంకా అలాగే నిలబడి ఉంది. దాని స్థానంలో వచ్చింది ఆర్చి వంతెన. 28 తెల్లటి కాంక్రీటు ఆర్చీలు, పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనకి పై అంతస్తులో రోడ్డు, కింద రైలు. సూర్యుడు ఆర్చీల వెనక్కి దిగే చోటు నెలనెలా జరుగుతుంటుంది. చలికాలంలో అస్తమయం నైరుతి వైపుకీ, వేసవిలో వాయవ్యం వైపుకీ జరుగుతుంది. ఆర్చీలో సూర్యుడు ఇమిడే ఫొటో కావాలంటే ఒక రోజు ముందొచ్చి ఎక్కడ వాలుతున్నాడో చూసుకోవాలి. మర్నాడు గట్టు మీద పది ఇరవై అడుగులు అటో ఇటో జరిగితే సరిపోతుంది.

ధవళేశ్వరం

పిల్లలున్న ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి మేం చెప్పేది ఇదే. రాజమండ్రి నుంచి 8 కిలోమీటర్ల లోపే, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. ఘాట్లలో లేనివి ఇక్కడ రెండున్నాయి: చెట్ల నీడ, చూడ్డానికి నీళ్లు కాక ఇంకో సంగతి.

ఆ సంగతి ఆనకట్ట. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి కట్టించిన ఆనకట్ట రెండు గోదావరి జిల్లాల కరువు తీర్చింది. డెల్టా రైతులు ఆయన్ని అపర భగీరథుడని ఇప్పటికీ తలుచుకుంటారు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది. ఇది ఒకే గోడ అనుకుంటారు చాలామంది. నిజానికి మధ్యలో లంకలున్న నాలుగు ముక్కలు: ధవళేశ్వరం 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టా కాలువ, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ బయల్దేరతాయి. బ్యారేజీ దాటాక నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది.

ముందు కాటన్ మ్యూజియం చూసి తర్వాత బ్యారేజీకి వెళ్లాలి. ఈ వరస ముఖ్యం. మ్యూజియంలో ఆనకట్ట నమూనా చూసిన పిల్లాడు బ్యారేజీ మీద నిలబడగానే కాలువ ఎటు పోతోందో తనే చెబుతాడు. నేరుగా బ్యారేజీకి తీసుకెళ్తే పావుగంటలో విసుగెత్తి ఐస్‌క్రీం అడుగుతాడు. మధ్యాహ్నం మూడింటికి మ్యూజియం, నాలుగున్నర దాకా తోటలో నీడపట్టున, ఎండ తగ్గాక బ్యారేజీ. చలికాలంలో అయితే అన్నీ అరగంట ముందే మొదలుపెట్టండి.

బ్యారేజీ రోడ్డు ఇరుకు. బండి ఆపి దిగి ఫొటోలు తీసుకోవడం అక్కడ ప్రమాదం. బండి ఊరివైపే పెట్టి నడిచి వెళ్లాలి, పిల్లల్ని రెయిలింగు వైపు కాకుండా లోపలి వైపు నడిపించాలి. నీళ్లలోకి దిగడం గురించి ఒక్క మాట: బ్యారేజీకి ఎగువన గానీ దిగువన గానీ వద్దే వద్దు. ఎగువన పైకి నిశ్చలంగా ఉన్నా తెరిచిన గేటు వైపు అడుగున లాగుతుంది. దిగువన రాళ్ల మధ్య మోకాలి లోతు ఉన్నచోట గేటు ఎత్తితే కాసేపట్లోనే నడుం దాటుతుంది. జాలర్లు అక్కడ తిరుగుతున్నారు కదా అని దిగొద్దు, వాళ్లకి ప్రతి రాయీ తెలుసు.

ఓపిక ఉంటే బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం దాకా పోయి పూతరేకులు కొనుక్కోవచ్చు. ఇంట్లో చుట్టేవాళ్ల దగ్గర ఆ రోజువి తీసుకోండి. రేకు పొడిగా, వేలితో నొక్కితే చిట్లేలా ఉండాలి. మెత్తబడి అతుక్కుంటోందంటే చెమ్మ తగిలినట్టే.

కొవ్వూరు గోష్పాద క్షేత్రం

స్నానం కోసం, సూర్యోదయం కోసం అయితే కొవ్వూరు. గౌతమ మహర్షి కథతో ముడిపడిన క్షేత్రం, ఒడ్డునే గుళ్ల సముదాయం, ఘాట్. మామూలు రోజుల్లో రాజమండ్రి ఘాట్ల కన్నా రద్దీ తక్కువ. తూర్పుకి తిరిగి స్నానం చేస్తే ఎదురుగా సూర్యుడు. అర్ఘ్యం వదిలేవాళ్లు ఈ గట్టు కోరుకునేది అందుకే.

వెళ్లడానికి రైలే అందం. గోదావరి స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కితే వంతెన మీదుగా నది దాటి కొవ్వూరులో దిగిపోవచ్చు. ఆ కొద్ది నిమిషాల ప్రయాణం కోసమే పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, కాకపోతే తలుపు దగ్గర కాదు, కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి, లేకపోతే గంటలు గంటలు స్టేషన్లో గడిచిపోతాయి. రోడ్డు కం రైలు వంతెన మీదుగా బండిలో రావచ్చు గానీ మరమ్మతులకి దాన్ని అప్పుడప్పుడూ మూసేస్తారు. జనవరిలో భోగి రోజుల ముందూ వెనకా మంచు దట్టంగా ఉంటే ఏడింటి దాకా సూర్యుడు కనిపించడు. ఆ రోజుల్లో ఆలస్యంగా బయల్దేరినా నష్టం లేదు.

మెట్లు దిగేటప్పుడు

ఏ ఘాట్ అయినా చూడాల్సింది నీటి అంచున ఉన్న మెట్టు. పొడిగా బూడిదరంగులో ఉన్న మెట్టు మీద భయం లేదు. తడిసి ముదురు ఆకుపచ్చగా మెరుస్తుంటే అది నాచు. మనుషులు పడేది ఎక్కువగా ఆ మెట్టు మీదే, పైగా కాలు జారి వెనక్కి పడితే తల పై మెట్టు అంచుకి తగులుతుంది. దిగక తప్పకపోతే పక్కకి తిరిగి, గొలుసో రెయిలింగో పట్టుకుని, పాదం మొత్తం ఆనించి, ఒక్కో మెట్టు దిగాలి. రబ్బరు చెప్పులు నాచు మీద ఇంకా జారతాయి, వట్టి కాళ్లే నయం.

స్నానం మోకాలి లోతులోనే. నడుం లోతుకి పోవాలనిపిస్తుంది, కానీ మెట్లు ఎక్కడ ఆగిపోతాయో పైనుంచి కనిపించదు. ఆఖరి మెట్టు తర్వాత ఒక్కసారిగా లోతు. వేసవిలో బయటపడ్డ ఇసుక మేట మీదికి నీళ్లలోంచి నడిచి పోవడం ఇంకా ప్రమాదం. ఇసుక తవ్విన గోతులు నీటి అడుగున అలాగే ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఇంకో అడుగు వేసేసరికి తల మునిగిపోతుంది. పైగా ఎండాకాలంలో కూడా సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలిన నీరు శబరి మీదుగా గోదావరిలోకి వస్తుంది. వాన లేదు కదా, నీరు పెరగదు అన్న ధీమా పనికిరాదు. ఈతొచ్చినవాళ్లూ పోయేది ఇక్కడే.

పడవ ఎక్కాలనుకుంటే

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటక పడవ మునిగిపోయింది, ఎన్నో కుటుంబాలు అన్యాయమైపోయాయి. వరద నీరు ఎర్రగా ఉన్నన్నాళ్లూ సరదా పడవ వద్దు, సరంగు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. చలికాలంలో ఎక్కితే లైఫ్ జాకెట్ పడవ కదలక ముందే తొడుక్కుని అన్ని క్లిప్పులూ పెట్టుకోవాలి. తర్వాత పక్కవాళ్లని భుజాల దగ్గర జాకెట్ పట్టి పైకి లాగమనండి. అది చెవుల దాకా లేస్తే సైజు పెద్దదన్నట్టు, నీళ్లలో తలకి ఆసరా ఇవ్వదు. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ తగిలించి సరిపెట్టే చోట పడవ ఎక్కొద్దు. అందరూ ఒకే పక్కకి లేచి ఫొటో తీసుకోవడంతోనే చిన్న పడవలు ఒరుగుతాయి, కూర్చున్న చోటే ఉండండి. పాపికొండల ప్రయాణం ఒక పూట పని కాదు, దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

వెంట తీసుకెళ్లేవి

మనిషికి లీటరు నీళ్లు, ఒక చాప, తువ్వాలు, టార్చి, చీకటి పడ్డాక దోమలకి రాసుకునేది ఏదైనా. ఘాట్ల దగ్గర మరుగుదొడ్లు అన్నివేళలా శుభ్రంగా ఉండవు, పెద్దవాళ్లు బయల్దేరే ముందే చూసుకుంటే ఇబ్బంది ఉండదు. తినడానికి మరమరాల మిక్చరు, మొక్కజొన్న పొత్తులు, బజ్జీలు గట్టు మీదే దొరుకుతాయి. వేసవిలో తాటిముంజలు, ఊళ్లోకి వచ్చాక రోజ్ మిల్క్. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు మొదలైతే మెట్లు వదిలి పక్కా కప్పు కిందికి వెళ్లాలి, ఒంటరి చెట్టు కిందికి కాదు. వాన తగ్గేలా లేకపోతే గోదావరి గట్టు మీదే రాళ్లబండి సుబ్బారావు పేరుతో ఉన్న ప్రభుత్వ మ్యూజియం, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. అవి తెరిచి ఉండే వేళ మాత్రం ముందుగా అడిగి తెలుసుకోండి.

దీపం వదలాలనుకునేవాళ్లు అరటి దొప్ప గానీ ఆకు దొన్నె గానీ తీసుకోవాలి. థర్మాకోల్, ప్లాస్టిక్ పళ్లేలు కరగవు, మర్నాటికి కింది మెట్టు దగ్గరే తిరిగొచ్చి నాచులో ఇరుక్కుంటాయి. దొప్పని నీళ్లలో పెట్టి చేత్తో ముందుకి తోస్తే మళ్లీ ఒడ్డుకే వస్తుంది. దాని వెనక నీళ్లని అరచేత్తో రెండు మూడుసార్లు మెల్లగా నెడితే అలతో పాటు లోపలికి సాగుతుంది.